మంత్రసానుల గురువు: దు కూద్రే దొరసాని చరిత్రము

చేతిపనులు చేయఁగాఁ జేయఁగా నలవడునే కాని, వినఁగా నలవడవు. ఆళ్లగడ్డలో రాతిపని చేయు శిల్పుల యెదుట నొక్క గడియ నిలిచి చూచినవారి కీ సంగతి చక్కఁగాఁ దెలియును. క్రొత్తగాఁ బనిలోఁ జేరిన బాలునికి దేవతావిగ్రహమునకై యెంచిన శిల నెవ్వరును అప్పగింపరు. వాఁడు మొదట పనికిమాలిన రాతిముక్కపై నులి నడపును. గీఁత వంకరపోవును, అంచు విఱుగును, గురువు మందలించి మఱియొక రాయి చేతి కిచ్చును. చెడినది రాయి, నేర్చినది చేయి. నష్ట మల్పము, లాభ మధికము. అయితే వైద్యునికిని మంత్రసానికిని ఈ సౌకర్యము లేదు. నేర్చుకొను దినములలో వారి చేయి తడఁబడినచోఁ జెడునది ప్రాణము. ప్రసవవేళ నట్టి తడఁబాటు తల్లికిని బిడ్డకును గూడ ముప్పు తెచ్చును. అట్లైన నా చేయి యెచ్చట తప్పులు చేసి యొప్పులు నేర్వవలెను? ఈ ప్రశ్నకు 18వ శతాబ్దమున ఫ్రాన్సుదేశపు స్త్రీ యొకతె గుడ్డయుఁ దోలును దూదియుఁ గుట్టి సమాధానము చెప్పెను. ఆమె పేరు ఆంజెలీక్ దు కూద్రే. ఆమె చరిత్రము మన విద్యార్థులును వారి తలిదండ్రులును దెలిసికొనఁదగినది.

మంత్రసాని వృత్తి మిక్కిలి ప్రాచీనమైనది, మిక్కిలి గౌరవింపఁదగినది. ఫరో యాజ్ఞను లెక్కసేయక హెబ్రీయుల మగబిడ్డలను బ్రదుకనిచ్చిన షిఫ్రా, పూయా యను మంత్రసానుల పేరులు నిర్గమకాండములో నిలిచియున్నవి. ఆ ఫరో పేరు మాత్ర మందు లేదు. మన దేశమున సుశ్రుతసంహిత శస్త్రవైద్యము నేర్చు శిష్యునకు యోగ్య యను నభ్యాసవిధి నేర్పఱచినది. శిష్యుఁడు గుమ్మడి, ఆనప, దోస మొదలగు కాయలపైఁ గోఁతను, నిండిన తోలుసంచులపై గుచ్చుటను, తామరతూఁడులపై సిరావేధమును, మనుష్యాకారముగాఁ జేసిన ప్రతిమపై గట్లు కట్టుటను అభ్యసించి, పిమ్మటనే రోగిని ముట్టవలెనని యందు విధింపఁబడినది. కావున బొమ్మపై నేర్చి మనుష్యుని యొద్దకుఁ బోవలెనను ధర్మము మన పూర్వులకుఁ దెలియనిది కాదు. దానిని దూరపుఁబల్లెలకు మోసికొనిపోయి, అక్షరము రాని స్త్రీలకు నందించిన కీర్తి మాత్రము దు కూద్రేకుఁ జెందును.

ఆమె 1712 ప్రాంతమున జన్మించెను. యౌవనమున పారిసు నగరమునఁ బేరుగాంచిన మంత్రసాని యొకతెయొద్ద శిష్యురాలుగాఁ జేరి, మూఁడు సంవత్సరము లామె వెంట నింటింటికిఁ దిరిగి పని నేర్చెను. 1740లో శస్త్రవైద్యుల సంఘమువారి పరీక్షలోఁ గృతార్థురాలై స్వతంత్రముగా వృత్తి సాగింప ననుమతి పొందెను. ఆ కాలమున పారిసులో మంత్రసాని యగుట సులభము కాదు. ఏండ్లకొలఁది సేవ, గురువునకు వేతనము, సత్ప్రవర్తనకు సాక్ష్యము, పెద్దల యెదుటఁ బరీక్ష యివి యన్నియుఁ గావలసి యుండెను. పల్లెలలో నిట్టి కట్టుబాటు లేమియు లేవు. నగరమున మంత్రసాని పరీక్షింపఁబడినది. పల్లెలో మంత్రసాని వయసు మీఱినది, అంతే. ఈ భేదమే యామె జీవితకార్యమునకు బీజమయ్యెను.

ఆమె స్వభావములోని ధైర్యము మొదటిసారి 1745లో వెల్లడి యయ్యెను. ఆ దినములలో పురుషులైన శస్త్రవైద్యులు ప్రసూతికార్యమునఁ బ్రవేశించి ధనవంతుల యిండ్లలో మంత్రసానుల స్థానము నాక్రమింపఁ జొచ్చిరి. ఆ పైని స్త్రీలకుఁ జెప్పవలసిన పాఠములను వారు మానివేసిరి. పాఠము చెప్పక, తరువాత స్త్రీల కేమియుఁ దెలియదని నిందించుట ఎంత యన్యాయమో వేఱుగఁ జెప్ప నక్కఱలేదు. దు కూద్రే తోడి మంత్రసానులతోఁ గలసి విన్నపపత్రముపై సంతకము చేసి, తమకును శరీరశాస్త్రము బోధింపఁబడవలెనని విశ్వవిద్యాలయమువారి నర్థించెను. ఆ విన్నపము ఫలించెను. విద్య యెవ్వరో దయతలఁచి పెట్టు భిక్ష కాదనియు, ప్రాణములు గాచువారికది హక్కనియు నామె నాఁటనుండి యెన్నఁడును మఱువలేదు.

1751లో ఆమె పారిసులోని లాభకరమైన వృత్తిని విడిచి ఓవెర్న్ అను కొండసీమకుఁ బోయెను. ఆ ప్రాంతపు స్త్రీలకుఁ దగిన ప్రసవసహాయము లేకపోవుటచే నామెను అచ్చటి ప్రభువు పిలిపించెను. ఓవెర్న్ అగ్నిపర్వతములు చల్లాఱి యేర్పడిన గుట్టల దేశము. చలికాలమున మంచు దారులను మూయును. ఒక పల్లెనుండి మఱియొక పల్లెకుఁ బోవుటకు గాడిదబాటలే గతి. నంద్యాలనుండి తూర్పునకుఁ జూచి నల్లమలకొండల వరుసను గాంచిన మన కట్టి సీమలోని కష్టము నూహించుట దుర్ఘటము కాదు. ఆళ్లగడ్డ దాటి యహోబిలమువైపుఁ బోవుకొలఁది యూళ్లు పలుచనై యడవి దట్టమగును. అట్టిచోట నడురేయి నొప్పులు ప్రారంభమైన స్త్రీకి ప్రక్క యింటి ముసలమ్మయే వైద్యురాలు. ఓవెర్న్‌లోను అట్లే యుండెను. బిడ్డ యడ్డము తిరిగినప్పుడో, కాలు ముందుగా వచ్చినప్పుడో, తొందరపడి లాగుటవలన శిశువు మరణించుచుండెను. తల్లి బ్రదికినను జీవితమంతయు రోగియై మిగులుచుండెను. దు కూద్రే కన్నులార నిట్టి దుఃఖములను జూచెను. ఇందు అనేకములు నేర్పుగల చేయి దగ్గఱ నుండిన తప్పిపోవునవే యని గ్రహించి యామె మనసు కలఁగెను.

బోధింపవలెనని యామె నిశ్చయించుకొనెను. ఎట్లు బోధించుట? శిష్యురాండ్రు పొలములోఁ బని చేయు పడుచులు. వారిలో ననేకులకుఁ జదువు రాదు. వారి మాండలికము వేఱు, పారిసు భాష వేఱు. పుస్తకము చదివి వినిపించినచో వారు మర్యాదకుఁ దల యూఁచెదరు గాని, ఇంటికిఁ బోవునప్పటికి సర్వమును మఱచెదరు. కష్టప్రసవమును జూపి నేర్పుదమన్న నట్టిది కోరిన దినమున సంభవింపదు. సంభవించినప్పుడు ఆ తల్లి బాధ యొకవైపు, ప్రాణభయ మొకవైపు నుండఁగా నది పాఠమునకుఁ దగిన వేళ కాదు. ఒక్క తల్లిపై నిరువదిమంది చేతులు పరీక్ష చేయుట ధర్మమును గాదు. కావున నామె యొక యుపాయము పన్నెను. కంటికి గనఁబడునది, చేతికిఁ దగులునది, ఎన్నిమాఱులు తప్పు చేసినను నోర్చునది, ఎవ్వరికిని హాని కలిగింపనిది యగు నొక దేహమునే నిర్మింపఁ బూనెను.

ఆమె దానిని యంత్రమని పిలిచెను. నిజమునకందుఁ జక్రములును గీలులును లేవు. అది స్త్రీదేహపు మధ్యభాగమును, తొడల పైభాగమును బోలిన నిండు పరిమాణపు బొమ్మ. లేఁతగులాబివన్నె గుడ్డతోను దోలుతోను గుట్టి లోన దూది మొదలగునవి నింపఁబడెను. ఎముకల కటివలయము ప్రసవమున ముఖ్యమైనది గనుక, కొన్ని బొమ్మలలో నిజమైన యెముకలనే యమర్చెను. మఱికొన్నింటిలోఁ గొయ్యతోను అల్లికపుల్లలతోను ఆ యాకృతిని గల్పించెను. పట్టీలును త్రాళ్లును లాగినచో బిడ్డ వచ్చు మార్గము వెడల్పగుటయు బిగియుటయుఁ జేతికిఁ దెలిసెడిది. రంగునీరు పీల్చిన స్పంజిముక్కలు సమయమునకు నెత్తురును, ఉమ్మనీటిని స్రవించునట్లు చేసెడివి. దీనికిఁ దోడుగా శిశుప్రతిమ యుండెను. దానికిఁ గుట్టిన చెవులు, ముక్కు, సిరాతో గీసిన జుట్టు, లోనికి వ్రేలు పోవునట్టి తెఱచిన నోరు నుండెను. బిడ్డ కాళ్లవైపునుండి వచ్చునపుడు నోటిలో వ్రేలుంచి తల నెట్లు మెల్లగా వంపవలెనో నేర్పుటకే యా నోరు తెఱచి కుట్టఁబడెను. కవలపిల్లల బొమ్మలును, బొడ్డుత్రాడును, మాయయు నందుండెను. ఒక్కొక్క భాగమునకుఁ బేరు వ్రాసిన చీటి కట్టఁబడెను. ఇందులో నలంకారమునకై యుంచినది యొక్కటియు లేదు. ప్రతి కుట్టును ఏదో యొక యాపదను దప్పించు పాఠమే.

1758లో శస్త్రచికిత్సకు సంబంధించిన రాజకీయపరిషత్తువా రా యంత్రమును బరీక్షించి మెచ్చుకొనిరి. మఱుసటి సంవత్సరము, అనఁగా 1759లో, ఆమె ప్రసవకళను సంగ్రహముగాఁ దెలుపు గ్రంథమును బ్రకటించెను. ఆ సంవత్సరమే పదునైదవ లూయీ రాజు ఆమెకు నాజ్ఞాపత్రము నొసఁగి, రాజ్యములోని సకల ప్రాంతములలో బోధించుటకు నధికారమిచ్చెను. ఇందు రాజునకుఁ గల కారణము కేవలము కరుణ యని చెప్పరాదు. అప్పుడు 1756లో మొదలైన యేడేండ్ల యుద్ధము సాగుచుండెను; జనసంఖ్య తగ్గుచున్నదనియు, సేనలకును వ్యవసాయమునకును మనుష్యులు చాలరనియు రాజ్యమంతట భయము వ్యాపించియుండెను. బ్రదికిన ప్రతిబిడ్డయు రాజునకుఁ గాఁబోవు సైనికుఁడు. దు కూద్రే యీ సంగతి నెఱిఁగి, రాజుగారి లెక్కను పల్లెతల్లుల మేలునకుఁ ద్రిప్పుకొనెను.

1760 మొదలు 1783 వఱకు నించుమించు పాతికయేండ్లు ఆమె ప్రయాణముననే జీవించెను. రైలుబండి యింకను బుట్టలేదు. గుఱ్ఱపుబండిలో బొమ్మలును పుస్తకములును సామానులును వేసికొని గతుకుదారులలో నూరూరునకుఁ దిరిగెను. మూలాన్, లిమోజ్, పువాతియే, బోర్డో, గ్రెనోబ్ల్, బెజాన్సోన్, కాన్, రెన్, రువాన్ మొదలుగా 40కిఁ బైగా పట్టణములలో నామె పాఠశాలలు నడపెను. ఒక పట్టణమునకు వచ్చుటకు ముందే యచ్చటి రాజప్రతినిధికి జాబు పోవును. ఆయన గ్రామములలోని క్రైస్తవగురువులకు వ్రాయును. వారు తమ సంఘములోని బుద్ధిమంతురాలైన పడుచును, చేతులు చిన్నవిగాను జుఱుకుగాను ఉన్నదానిని, ఎంచి పంపుదురు. వచ్చినవారి భోజనమునకును బసకును ఊరివారో ప్రభుత్వమువారో వ్యయ మిత్తురు.

పాఠము రెండు నెలలు సాగును. ఉదయమునను మధ్యాహ్నమునను తరగతులుండును. దు కూద్రే మొదట దానే బొమ్మపైఁ జేసి చూపును. పిమ్మట ఒక్కొక్కతెను బిలిచి చేయించును. సులభప్రసవముతో నారంభించి, బిడ్డ యడ్డముగా నున్నప్పుడు, చేయి ముందు వచ్చినప్పుడు, కవలలున్నప్పుడు ఏమి చేయవలెనో వరుసగా నేర్పును. ఒకతె తప్పు చేసిన నందఱును జూతురు, అందఱును నేర్తురు. సిగ్గుతో వెనుకకుఁ బోయినదానిని మరల ముందునకుఁ బిలుచును. చేయి కన్ను లేకయే దారి కనుఁగొనునంతవఱకు నభ్యాసము సాగును. ఏలయన నిజమైన ప్రసవమునఁ గంటికిఁ గనఁబడునది యల్పము, వ్రేలికిఁ దెలియునదే యధికము. ఎప్పుడు చేయి పెట్టవలెనో నేర్పినట్లే, ఎప్పుడు చేయి పెట్టక యోపికతో వేచియుండవలెనో కూడ నామె నేర్పెను. తొందరపాటే పల్లెలలో పెక్కు ప్రాణములు దీయుచున్నదని యామె యెఱుఁగును.

ఆమెకు విరోధులు లేకపోలేదు. కొన్ని పట్టణములలో శస్త్రవైద్యులు ఒక స్త్రీ తమకు సమముగా బోధించుటను సహింపలేదు. కొందఱు వ్యయ మధికమని సణిగిరి. ఒక్కొక్క బొమ్మ వెల 300 లీవ్రులు, పేదపల్లెలకది చిన్న మొత్తము కాదు. కొన్నిచోట్ల రైతులు తమ కూఁతుండ్రను రెండు నెలలు పని మానిపించి పంపుటకు వెనుకాడిరి. ఆమెయు మెత్తని మనిషి కాదు. తనకు రావలసిన మర్యాదను గట్టిగా నడిగి పుచ్చుకొనునది. జీతము నిలిచినచో మంత్రులకు నేరుగా వ్రాయునది. 1767లో ఆమెకు సంవత్సరమునకు 8,000 లీవ్రుల జీతమును, విశ్రాంతికాలమున 3,000 లీవ్రుల యుపకారవేతనమును నియమింపఁబడెను. గర్వముగలదని కొంద ఱామెను నిందించిరి. అయితే యొంటరిస్త్రీ రాజ్యమంతయుఁ దిరిగి పురుషుల సభలలో నిలిచి పని సాధింపవలసినప్పుడు, ఆ గర్వ మామెకుఁ గవచముగాఁ బనిచేసెను. తెలివిగల యధికారు లామె విలువ నెఱిఁగిరి. లిమోజ్ సీమకు రాజప్రతినిధియై, తరువాత ఫ్రాన్సు దేశపు కోశాధికారియైన తుర్గో వారిలో నొకఁడు.

ఇచ్చట మనము ముఖ్యముగా గమనింపవలసిన సంగతి యొకటి గలదు. గురువు రెండు నెలలుండి పోవును. పల్లెలలోఁ బిల్లలు పుట్టుట మానరు గదా! తాను వెడలిన పిమ్మట విద్య యెట్లు నిలుచును? దీనికి దు కూద్రే మూఁడు మార్గములు గల్పించెను. మొదటిది, పట్టణమువారిచేత నొక బొమ్మను గొనిపించి యచ్చటనే విడిచిపెట్టుట. రెండవది, ఆ యూరి శస్త్రవైద్యునికి బొమ్మతో బోధించు విధము నేర్పి, ఏటేటఁ గ్రొత్త పడుచులకుఁ బాఠము చెప్పునట్లు కట్టడి చేయుట. ఇట్టి శస్త్రవైద్యు లించుమించు 500 మంది యామెయొద్ద నేర్చిరి. మూఁడవది, తన గ్రంథమును 1769లో రంగుల చిత్రములతో మరల నచ్చువేయించుట. చదువు రానిదియు నా చిత్రముఁ జూచి, బిడ్డ యెట్లున్నది, చేయి యెక్కడ నుండవలెను అను సంగతి జ్ఞప్తికిఁ దెచ్చుకొనఁ గలదు. ఇట్లు గురువు నూఱు క్రోసుల దూరమున నున్నను గురువు హస్తము మాత్ర మా పట్టణముననే యుండెను. ఆమె స్వయముగా నేర్పిన స్త్రీలు 4,000 మొదలు 5,000 వఱకు నుందురని చరిత్రకారులు గణించుచున్నారు. ఆమె శిష్యులయొద్ద నేర్చినవా రింకను బెక్కుమంది.

మన సీమకు దీని నన్వయించి చూతము. దు కూద్రే యిచ్చటికి వచ్చినదని భావింపుఁడు. నంద్యాలలో నొక విశాలమైన గది తీసికొని, కుందూనదికి రెండువైపులనున్న యూళ్లనుండియు, నల్లమల యడుగున నున్న గూడెములనుండియు నొక్కొక్క పడుచును బిలిపించును. రెండు నెలలైన పిమ్మట నించుమించు 40 కిలోమీటర్ల దూరమునందలి యాళ్లగడ్డకుఁ బోవును. పోవునపుడు నంద్యాలలో నొక బొమ్మను, బోధింపనేర్చిన వైద్యుని నొకని విడిచిపోవును. ఆళ్లగడ్డనుండి మఱియొక యూరికిఁ బోవును, అచ్చటను నట్లే. పదియేండ్లలో నీ సీమలోఁ బురిటినొప్పులు వచ్చిన ప్రతిస్త్రీకి నేర్చిన చేయి యొక జాము నడకలో లభించును. ఆమె యోచన యిదియే. రోగిని నగరమునకుఁ దెచ్చుట కంటె విద్యను పల్లెకుఁ గొనిపోవుట ముందు జరుగవలెనని యామె నమ్మెను.

1783లో వయసు మీఱి, దేహము సడలి, ఆమె పర్యటనము చాలించెను. ఆమె మేనకోడలు మార్గరీతు కూతాన్సో చిన్ననాఁటనే యామెవెంటఁ దిరిగి బోధనలో సాయపడినది. ఒక శస్త్రవైద్యుని వివాహమాడి, బోర్డో పట్టణమున మంత్రసానుల పాఠశాల నడపుచుండెను. దు కూద్రే తన తుదిదినముల నచ్చటనే గడపెను. 1789లో ఫ్రాన్సున మహావిప్లవము పుట్టెను. రాజు పదవి పోయెను. 1793లో రాజు శిరస్సే పోయెను. రాజాజ్ఞాపత్రముతో రాజ్యమెల్లఁ దిరిగిన దు కూద్రేకు రాజుపేరు చెప్పుటయే యపాయకరమైన కాలము దాపురించెను. భీకరపాలన సాగుచుండఁగా 1794 ఏప్రిల్ 17వ తేదీన నామె బోర్డోలోఁ గాలధర్మము నొందెను. బొమ్మల ననేకములను గాలము హరించినది. ఒక్కటి మాత్రము రువాన్ పట్టణపు వైద్యచరిత్ర ప్రదర్శనశాలలో నేఁటికిని భద్రముగా నున్నది.

ఆమె కార్యమున లోపములును గలవు. పల్లెలలోని పాతమంత్రసానులను ఆమె చాలవఱకు నజ్ఞానులనియే యెంచెను. వారిలో ననుభవముచేతఁ బండిన నేర్పరులు నుందురనుట మన పల్లెల నెఱిఁగినవారి కెల్లఁ దెలియును. మఱియు చేతులు శుభ్రముగాఁ గడుగుకొననందువలన సూతికాజ్వరము వ్యాపించునను సత్యము ఆమె కాలమున నెవ్వరికిని దెలియదు. అది 1847లో వియన్నా నగరమున సెమ్మెల్‌వైస్ అను వైద్యుఁడు నిరూపింపవలసి యుండెను. కావున ఆమె బొమ్మ యన్ని మరణములను ఆపలేదు. ఆమెకు ముందే ఇటలీలోని బొలోనా నగరమున గాల్లి యను వైద్యుఁడు మట్టిబొమ్మలతోను మైనపుబొమ్మలతోను బోధించెను. అయినను వారి బొమ్మలు నగరములోని విద్యార్థులకే యుపయోగపడెను. దు కూద్రే బొమ్మ బండి యెక్కి పల్లెదారి పట్టెను. ఆమె గొప్పదనమంతయు నందే యున్నది.

ఆమె వెలిగించిన దీపమువంటి దీపములు మన తెలుఁగుదేశమునను వెలిఁగెను. 1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు దొరసాని 1898లో స్త్రీలకును శిశువులకును వైద్యశాల తెఱచి, 1930లోఁ దనువు చాలించువఱకు మనవారికి సేవ చేసెను. 1903లో మంత్రసానులకు శిక్షణ నిచ్చుటకై విక్టోరియా స్మారకనిధి మన దేశమున స్థాపింపఁబడెను. 1960లో నార్వేదేశమున లేర్డాల్ అను బొమ్మలు చేయు వర్తకుఁడు, ఊపిరి నిలిచినవారిని బ్రదికించు విధము నేర్పుటకు మనుష్యాకారపు బొమ్మను జేసెను. నాఁటినుండి వైద్యవిద్యలో బొమ్మలకు నానాఁటికిఁ బ్రాముఖ్యము హెచ్చుచున్నది. నేఁడు ప్రసవము నేర్పుటకు శిక్షకురాలు తన నడుమునకుఁ గట్టుకొను గుడ్డబొమ్మలు గలవు. వానిని జూచిన దు కూద్రే తన బొమ్మకు మనుమరాండ్రని గుర్తించియుండును. 2020లో కరోనావ్యాధి వ్యాపించి గురుశిష్యు లొక్కచోటఁ గూడ వీలులేనప్పుడు, గురువు ఒక యూరను, శిష్యుఁడు మఱియొక యూరను నుండి, తెరపై నొకరినొకరు చూచుచు బొమ్మపై నభ్యాసము చేయు పద్ధతి లోకమంతటఁ బెరిగెను. శిష్యుని చేయి బొమ్మపై నుండును. గురువు కన్ను తెరపై నుండును. పట్టణమున విడిచిన బొమ్మయు, రంగులచిత్రముల పుస్తకమును నాఁడు చేసిన కార్యమునే నేఁడు విద్యుత్తంత్రులు చేయుచున్నవి. సాధనము మాఱినది, సూత్రము మాఱలేదు.

తెర యున్నంత మాత్రమున విద్య రాదనుటయు మనము మఱువరాదు. దూరమున నున్న గురువు మాట వినుట సులభము. బొమ్మపైఁ జేయి వంచుట కష్టము. బొమ్మ లేని తెర కథాశ్రవణము వంటిది. బొమ్మ యుండియు గురువు లేనిచోఁ దప్పు తప్పుగానే స్థిరపడును. బొమ్మయు, గురువు కన్నును, మాటిమాటి కభ్యాసమును గలసినప్పుడే చేయి పండును. దు కూద్రే బొమ్మలను విడిచిపోవునపుడు బోధకుని గూడ నేర్పఱచిపోవుటలోని యర్థ మిదియే.

2022లో నంద్యాల జిల్లాకేంద్రమయ్యెను. 2023లో నిచ్చట ప్రభుత్వవైద్యకళాశాల తెఱవఁబడెను. మన పాఠశాల బాలబాలికలలో ననేకులు వైద్యులును నర్సులును గావలెనని కోరుచున్నారు. ప్రియవిద్యార్థులారా, మీరు గూడ నొకనాఁడు తరగతిలో ప్లాస్టికు బొమ్మ యెదుట నిలిచి, దాని ఱొమ్ముపైఁ జేతులుంచి యదిమెదరు. తోడివారు నవ్వవచ్చును, బొమ్మతో నాటలేమని మీకే తోఁపవచ్చును. అప్పుడు గతుకుబండిలో బొమ్మను మోసికొని పాతికయేండ్లు తిరిగిన యా దొరసానిని దలఁచుకొనుఁడు. బొమ్మయెదుట సిగ్గుపడి వెనుకకుఁ బోయిన చేయి, ప్రాణమెదుట వణఁకును. బొమ్మపై నూఱుమాఱులు తప్పి దిద్దుకొన్న చేయి నడురేయి దీపపు వెలుఁగునను దడఁబడదు. తలిదండ్రులారా, మీ కుమార్తె నర్సు చదువునకుఁ బోవుదునన్నచో, అది చిన్నపని యని యామెను వారింపకుఁడు. నాఁడు ఓవెర్న్ కొండలలో రైతులు తమ కూఁతుండ్రను రెండు నెలలు పంపియుండనిచో, వారి మనుమ లెందఱో పుట్టిన దినముననే గతించియుందురు. దు కూద్రేకు సమాధిపై గోపురములు లేవు. ఆమె కుట్టిన గుడ్డబొమ్మ మాత్రము రువాన్ పట్టణమున నింకను నోరు తెఱచి, వచ్చినవారి వ్రేళ్లకుఁ బాఠము చెప్ప సిద్ధముగా నున్నది.